కాల్చేసిన బెరడు

మా ఆయన అడవి అధికారి. పక్షుల మీద, పురుగుల మీద పుస్తకాలు రాసేవాడు. ఇంట్లో నాకు చోటు లేకపోయినా పురుగుల పెట్టెలకుండేది.

ఆ ఏడు ఏప్రిల్‌లో పై కొండనుంచి ఓ స్ప్రూస్ చెట్టు బెరడు ముక్క తెచ్చి రొట్టె పక్కనే పెట్టాడు. లోపలివైపు నిండా సన్నటి సొరంగాలు, వాటిలో తెల్లటి పురుగులు.

"మూడు వారాల్లో రెక్కలొచ్చి ఎగురుతాయే. ఆలోగా పురుగు పట్టిన చెట్లు కొట్టి, బెరడు కాల్చెయ్యకపోతే కొండంతా ఎండిపోతుంది."

"మరి కొట్టించండి!"

"కొట్టకూడదు. పుంజు కూస్తోంది."

అదీ మా దగ్గరి న్యాయం! వసంతంలో అడవిపుంజు పెట్టలకోసం కూస్తుంటే, దొరవారు వేటకొచ్చి దాన్ని తుపాకీతో కాల్చేదాకా కొండమీద గొడ్డలి చప్పుడు వినబడకూడదు. చెట్లు కొట్టనిమ్మని మా ఆయన దొరవారి వేటలు చూసే పెద్ద ట్రౌట్‌వైన్ చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు.

"పురుక్కోసం దొరవారి వేట ఆపమంటావా? మతి గాని పోయిందా ఏమయ్యా?" అని నవ్వాడట ఆ త్రాష్టుడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "పుంజే లేకపోతే అడ్డమేముందండీ?" అన్నాను.

ఏడు వసంతాలుగా ఆ పుంజు కూతలు రాసుకున్న మనిషి. తెల్లారుతూనే తుపాకీతో వెళ్లి తనే దాన్ని కాల్చేశాడు. వచ్చి, టోపీ అయినా తియ్యకుండా కూర్చుండిపోయాడు. మర్నాటినుంచి రెండు వారాలపాటు చెట్లు కొట్టించి, ఒలిపించి, బెరడంతా దగ్గరుండి కాల్పించాడు.

"ఒక్క ముక్క దాచండి, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి," అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"కొండని తినడానికి ఆ ఒక్క ముక్క చాలే పిచ్చిదానా," అంటూ ఇంట్లో ముక్క కూడా పొయ్యిలో పడేశాడు.

దొరవారి పుంజుని చంపాడని ఆగస్టులో కొండమీదే ఆయన మీద విచారణ జరిగింది. దుంగలు ఎప్పుడో రంపపు మిల్లుకి పోయాయి.

"ఏదయ్యా నీ పురుగు? ఒక్క చెట్టైనా ఎండిందా? పుంజు మాంసం మీద యావతో కట్టిన కథ కదూ!" అన్నాడు ట్రౌట్‌వైన్.

"బెరడు కాల్చాం కాబట్టే ఎండలేదు..." అన్నాడు మా ఆయన.

అందరూ గొల్లున నవ్వారు. చెట్లకు గుర్తువేసే సుత్తి అక్కడే లాక్కున్నారు. ఇరవయ్యేళ్ల కొలువు పోయింది.

ఇల్లు ఖాళీ చేసి బండెక్కాం. దారి మలుపులో ఆయన వెనక్కి తిరిగాడు.

"ఎంత పచ్చగా ఉందో చూడవే," అన్నాడు.

"తగలబడిపోనీ!" అన్నాను నేను.

పెళ్లయ్యాక మొట్టమొదటిసారి ఆయన నామీద చెయ్యెత్తాడు. కొట్టలేదు. ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు.