కోసేసిన మంద్రం

మా అక్క బస్సు స్టాండులో ప్రకటనలు చదివేది. ఆమె పోయి ఏడాది దాటినా ఆ ప్రకటనలు ఆగలేదు. ముందే రికార్డు చేసి పెట్టుకున్న ఆమె గొంతునే అధికారులు ఇప్పటికీ వాడుకుంటున్నారు. బావగారి ఇల్లు ఆ స్టాండు గోడకు ఆనుకుని ఉంటుంది. తెల్లవారింది మొదలు ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉన్నదో ఆయనకు భార్య చెబుతూనే ఉంటుంది.

అది ఆయనకు ఓదార్పు అని మేమందరమూ భావించాము. ఒకనాడు ఆయన నన్ను పక్కకు పిలిచారు.

"ఏమోయ్, మీ అక్క ఇంట్లో మాట్లాడే గొంతు నాకు చెరిగిపోతోంది. గుర్తు తెచ్చుకుందామంటే ఈ మైకు గొంతే అడ్డం వచ్చి కూర్చుంటోంది. మొత్తం పోకముందే ఏదైనా చెయ్యగలవా?"

మా అక్కది స్త్రీలలో అరుదైన మంద్రస్వరం. వంటింట్లోంచి ఆమె పిలిచినప్పుడల్లా బావగారు "ఉరిమింది, ఆరేసిన బట్టలు తీసెయ్యండర్రా" అని ఆటపట్టించేవారు. ప్రకటనల్లో మాత్రం ఆ గొంతు రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు సన్నగా, గరగరగా ఉంటుంది. ఇంట్లో రికార్డు చేసినది ఏదీ లేదు. ఎవరైనా ఫోను ముందుకు చాపితే చేత్తో నెట్టేసేది. "పొద్దస్తమానం మైకులో వాగి వచ్చాను. ఇక్కడైనా నన్ను ఊరికే మాట్లాడనివ్వండి" అనేది.

నేను టెలిఫోను శాఖలో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ పొందినవాడను. ప్రకటనల్లో తగ్గించిన కింది స్వరాన్ని తిరిగి పెంచడం అసాధ్యం కాదని బావగారికి ధైర్యం చెప్పాను. వారి అమ్మాయి, అనగా నా మేనకోడలు, ఒక రికార్డింగు స్టూడియోలో సౌండు ఎడిటరు. ప్రకటనల ఫైళ్ళను స్టాండు కార్యాలయం నుంచి తెప్పించి, ముగ్గురమూ ఆమె గదిలో కూర్చున్నాము. గోడలకు స్పాంజి పలకలు, బల్ల మీద రెండు స్పీకర్లు, తెర మీద బారుగా నిలువు మీటలు.

నేను బావగారికి వివరించాను. ఈక్వలైజరు ధ్వనిని అట్టడుగు మోత నుంచి పైనున్న ఈల వరకు పట్టీలుగా విడదీస్తుంది. ఒక్కొక్క మీట ఒక్కొక్క పట్టీని మాత్రమే పెంచుతుంది, తగ్గిస్తుంది. ఎడమ చివరనున్న అట్టడుగు పట్టీల మీటలను కలిపి పైకెత్తితే మంద్రం పెరుగుతుంది, అదే బాస్ బూస్టు.

"కుళాయిల వరస అన్నమాట," అన్నారు బావగారు. "అయితే ఆ ఉరుము కుళాయి తిప్పవే అమ్మా."

"తిప్పుతాను నాన్నా. గొట్టంలో నీళ్ళుండాలి మరి."

ఆమె ఎడమ మీటలను పైకి జరిపింది. గదిలో ఏదో హోరు బయలుదేరింది. రికార్డు చేసిననాటి ఏ ఫ్యానో, ఆ గోడ అవతల ఆగిన ఏ బస్సు ఇంజనో. దాని మీద అక్క గొంతు అంతే సన్నగా తేలుతూ బస్సు నంబరు చదివింది.

"ఇంకొంచెం ఎత్తు," అన్నాను.

"ఎత్తితే ఆ హోరే పెరుగుతుంది మావయ్యా. కింది స్వరం ఉంటే జనం గోలలో మాట ముద్దయిపోతుంది. పైగా అక్కడి గొట్టం స్పీకర్లు దాన్ని పలకలేవు. అందుకని రికార్డు చేసేటప్పుడే ఫిల్టరు పెట్టి తీసేశారు. తగ్గించి ఉంటే పెంచేదాన్ని. వీళ్ళు కోసి పారేశారు."

పై స్వరాలను బట్టి కింది స్వరాన్ని లెక్కగట్టి పుట్టించే సాధనాలు కూడా ఉన్నాయని నేను చదివి ఉన్నాను. ఆ మాటే అన్నాను.

"ఉన్నాయి. కానీ వచ్చేది అమ్మ కాదు మావయ్యా, లెక్క."

"నువ్వు పెట్టు. విని చెబుతాము."

ఆమె తండ్రి వంక చూసింది. ఆయన తల ఊపారు.

ఈసారి వచ్చిన గొంతు గది నిండా పరుచుకుంది. నిండుగా, గుండ్రంగా, బల్ల చెక్కను కూడా అదిరిస్తూ "ప్రయాణికులకు గమనిక" అన్నది. బావగారు కళ్ళు మూసుకుని, తల కొద్దిగా పక్కకు వాల్చి విన్నారు.

"బాగా దగ్గరికొచ్చింది," అన్నారు కళ్ళు తెరిచి.

"మళ్ళీ పెట్టనా నాన్నా?"

"వద్దు తల్లీ, తీసెయ్. ఇంకోసారి వింటే ఇదే మీ అమ్మ అని నమ్మేస్తాను. అప్పుడా మిగిలిన కాస్తా పోతుంది."

ఆమె చెరిపివేసింది. స్పీకర్లలోని సన్నని సరసర కూడా ఆగిపోయింది.

బావగారు నా వైపు తిరిగారు. "చిన్నప్పటినుంచీ విన్నవాడివి, నీకుంటుంది కదూ. నిన్ను 'తమ్ముడూ' అని పిలిచేది. ఎలా పిలిచేదో ఒకసారి అని చూపించు."

అది నాకు తెలియకపోవడమా అనుకుంటూ గొంతు సవరించుకున్నాను. మాట వచ్చింది. అక్షరం అక్షరం విడివిడిగా, చివర కాస్త ఎత్తి, ప్లాట్‌ఫారం నంబరు చెప్పినట్టు వచ్చింది. ఆపి, మళ్ళీ ప్రయత్నించాను. అలాగే వచ్చింది. నా మేనకోడలు కుర్చీని గోడ వైపు తిప్పుకున్నది.

"నీకూ అంతేనన్నమాట," అని బావగారు నా భుజం ఆసరాగా పట్టుకుని లేచి, చెప్పుల కోసం వంగారు.