రేపో మాపో

టీచరమ్మ ఆ పిల్ల దగ్గర రెండేళ్లపాటు నోరు అదుపులో పెట్టుకుంది. క్లాసులో మిగతా ముప్పై మంది దగ్గర ఎలా మాట్లాడినా చెల్లుతుంది, ఈ పిల్ల దగ్గర చెల్లదు. కొత్తలో ఒకసారి "నా బుర్ర తినకే తల్లీ" అంటే, "నేను తినలేదు. బిస్కెట్లు తిన్నాను, నాలుగు" అని డబ్బా తెరిచి చూపించింది. పిల్లకి ఆటిజం. మాటలో ఉన్న అర్థం తెలుసు గానీ, లేని అర్థం ఎక్కణ్నుంచి తెస్తుంది పాపం? టైమంటే ప్రాణం కాబట్టి క్లాసంతా గడియారం అని పిలిచేవాళ్లు. ఆ పేరు పిల్లకీ నచ్చింది.

సంగతి తెలిశాక టీచరమ్మే దారికొచ్చింది. తలుపు పక్కన, ఫ్యాను మోత తగలని చోట గడియారానికి బెంచీ వేయించింది. గంట కొట్టబోయే ముందు బల్ల మీద ఎర్ర కార్డు పెట్టేది. అది చూసి పిల్ల చెవులు మూసుకునేది. గోడకి బొమ్మల చార్టు తగిలించింది, ముందు లెక్కలు, తర్వాత చదువు, ఆ తర్వాత ఆట. పైన టీచరుగా తన ఫొటో ఉన్న కార్డు. "ఒక్క పిల్ల కోసం ఇంత హంగామానా?" అని హెడ్మాస్టరు సణిగాడు. సణిగితే సణిగాడు. ఏడాది తిరక్కుండానే, బడి గేటు పట్టుకుని ఏడ్చే పిల్ల పక్క బెంచీ వాళ్లకి భాగారాలు నేర్పింది.

అంత జాగ్రత్త మనిషికి ఆఖరి రోజున నోరు జారింది. దూరపు బడికి బదిలీ అయింది. వారం ముందే చార్టులో చూపించింది, శుక్రవారం దాకా ఈ టీచరు, సోమవారం నుంచి కొత్త టీచరు అని. అంతా పద్ధతిగానే చేసింది. తీరా గుమ్మం దగ్గరికొచ్చేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "వెళ్లొస్తా తల్లీ" అనేసింది.

"ఎప్పుడొస్తారు?" అంది గడియారం.

"రేపో మాపో వస్తాలే" అని, పిల్ల ముందు ఏడవకూడదని గబగబా వెళ్లిపోయింది.

మనందరం అనే మాటే. గుమ్మం దాటుతూ "పోతున్నా" అని ఎవరంటారు? అంటే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకుంటారా? కానీ ఆ మాటే పిల్ల కొంప ముంచింది.

రెండు వారాలు దాటాక పిల్ల తండ్రి ఫోన్ చేశాడు. మిక్సీలు బాగుచేసుకుని బతికే మనిషి, నెమ్మదస్తుడు.

"మేడమ్, మీరొస్తానన్నారంట కదా. మాపంటే ఏంటి నాన్నా అని అడిగితే సాయంత్రం అని చెప్పాను. అప్పట్నుంచి బడయ్యాక చీకటి పడేదాకా గేటు దగ్గరే కూర్చుంటోంది. మీ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వట్లేదు. మొన్న కొత్త మేడమ్ కూర్చోబోతే తోసేసింది, ఆవిడ చెయ్యి విరిగింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే పిల్లని తీసుకుపొమ్మన్నారు హెడ్మాస్టరు గారు. ఇంతకు ముందే రెండు బళ్లు వద్దన్నాయి మేడమ్. ఇదీ పోతే ఇంక ఇంట్లోనే."

టీచరమ్మ మర్నాడు సెలవు పెట్టి మొదటి బస్సెక్కింది.

ఆవిడ వెళ్లేసరికి మొదటి పీరియడ్ నడుస్తోంది. కొత్త టీచరు చేతికి కట్టుతో నిలబడే పాఠం చెబుతోంది. గడియారం ఖాళీ కుర్చీ పక్కన కాపలా ఉంది. తండ్రి వరండాలో నిలబడి ఉన్నాడు.

"పద్దెనిమిది రోజులు లేటు" అంది గడియారం. కుర్చీని తుడిచి ముందుకు జరిపింది. "కూర్చోండి."

కూర్చోవాలని ఎంత అనిపించిందో ఆవిడకే తెలుసు. కూర్చుంటే రేపు మళ్లీ ఇదే కాపలా. పిల్లని ముట్టుకోకుండా, ఎదురుగా నేలమీద కూర్చుంది.

"నేను వెళ్తున్నాను. మళ్లీ రాను" అంది.

"అదేం మాట మేడమ్, అలా అనకండి" అన్నాడు తండ్రి వరండాలోంచి.

"వస్తా అన్నారు" అంది పిల్ల.

"అన్నాను. నాదే తప్పు. అది నిజం కాదు."

"రేపు?"

"రాను."

"మాపు?"

"మాపు కూడా రాను."

గడియారం కాసేపు చార్టు వైపు చూసింది. "రేపు రారు. మాపు రారు. సరే" అంది. చార్టు పైనున్న ఫొటో కార్డు తీసి, ఎవరిది వాళ్లకిచ్చినట్టు టీచరమ్మ చేతిలో పెట్టింది. కుర్చీని కొత్త టీచరు దగ్గరికి జరిపి "కూర్చోండి" అంది. వెళ్లి తన బెంచీలో కూర్చుని లెక్కల పుస్తకం తీసింది. తల ఎత్తలేదు.

పని అయింది. పిల్లకి బడి నిలిచింది. టీచరమ్మ కార్డు పట్టుకుని గేటు దాకా నడిచింది.

"వెళ్లొస్తారామ్మా?" అన్నాడు వాచ్‌మన్.

"వెళ్తున్నాను" అంది ఆవిడ. ముసలాయన మొహం చిన్నబుచ్చుకున్నాడు.

అక్కణ్నుంచి చూస్తే తెరిచిన తలుపులోంచి ఆ బెంచీ కనిపిస్తుంది. గడియారం తన సంచీలోంచి ఎర్ర కార్డు తీసి, తనకి తానే బల్ల మీద పెట్టుకుంది. రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుంది. గంట కొట్టడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.