అబ్బే దగ్గర ఆగిన మనిషి

గురువారం పొద్దున్న ఆఫీసు మొత్తాన్నీ చెరిపి మళ్ళీ గీస్తున్నప్పుడు వామనరావుని మాత్రం గీయకుండా వదిలేస్తారు.

గీయడం అక్కడ మామూలే. వెబ్ పేజీలు తయారుచేసే ఆఫీసు కాబట్టి పేజీలకున్న జబ్బే దానికీ ఉంది. ఒక మూల ఒక్కడు తుమ్మినా చాలు, ముప్ఫై ఇద్దరూ, కుర్చీలతో సహా చెరిగిపోయి, మళ్ళీ గీతలుగా మొదలై మనుషులవుతారు. కళ్ళజోళ్ళు సరిచేసుకుని పనిలో పడతారు. జలుబుల కాలంలో పని అస్సలు సాగదు.

అందుకని, మారినవాళ్ళనే గీసి మారనివాళ్ళని వదిలేసే ఏర్పాటు చెయ్యమని వామనరావుకీ చక్రధర్‌కీ అప్పజెప్పారు. మనిషికి పైనుంచి అందేవాటిని వాళ్ళ భాషలో ప్రాప్స్ అంటారు. "ప్రాప్స్ మారితేనే గీతకి ప్రాప్తంరా" అని వామనరావు జోకు. చక్రధర్ దానికి తొమ్మిదేళ్ళ స్నేహం కొద్దీ నవ్వుతాడు.

వాళ్ళలో ఒకడు రాసిన కోడ్‌ని రెండోవాడు చదివి, బొటనవేలు నొక్కితేనే అది అమలవుతుంది. చదవడానికి ఇద్దరికీ బద్ధకం. అందుకే స్నేహం కుదిరిన కొత్తలోనే కుడి బొటనవేళ్ళు ఊడదీసి ఇచ్చిపుచ్చుకున్నారు. చక్రధర్ తనది కాగితంలో చక్కగా పొట్లం కట్టి ఇచ్చాడు. వామనరావు దాన్ని ఒక్కసారీ విప్పలేదు. అవతలివాడి వేలు వాడుకోవాలంటే మొహమాటం.

ఆ మొహమాటమే మంగళవారం పదకొండింటికి పని చేసింది. మేనేజరు కుముదిని మేడమ్ అందరి ముందూ అడిగింది: "వామనరావు గారూ, టీమ్ లీడ్ కుర్చీ మీరు తీసుకుంటారా?"

తొమ్మిదేళ్ళుగా ఆ ముక్క కోసమే కాచుక్కూర్చున్న వామనరావు మెడ కాస్త వంచి, "అబ్బే, నాకెందుకండీ" అన్నాడు.

మొదటిసారి వద్దనాలి, బలవంతపెడితే రెండోసారి సరే అనాలి. చిన్నప్పుడు విస్తరి ముందు నేర్చుకున్న పద్ధతి. మేడమ్ గురువారం మళ్ళీ అడుగుతానంది.

అందుకే ఈ పూట ఇంట్లో ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని బయల్దేరతాడు. ఆఫీసులో అడుగు పెట్టేసరికి ఒంటిమీద మంగళవారం గళ్ళచొక్కా ఉంటుంది, పప్పు మరకతో సహా. చేతిలో మంగళవారం టీ, ఇంకా పొగలు కక్కుతూ.

"సార్, ఐడీ కార్డు?" అంటాడు గుమ్మం దగ్గర సెక్యూరిటీ.

"అబ్బే, నాకెందుకండీ" అంటుంది వామనరావు నోరు. ఇంకే మాటా రాదు.

కుముదిని మేడమ్ అందరినీ పిలుస్తుంది. "వామనరావు గారూ, రెండోసారి అడుగుతున్నాను. తీసుకుంటారా?"

వామనరావు ఊపిరంతా కూడదీసుకుని సరే అనబోతాడు.

"అబ్బే, నాకెందుకండీ." అదే మెడ వంపు. అదే నవ్వు.

"చూసిండ్రా మేడమ్? మావోడు మారడు. బంగారం అసొంటోడు" అంటూ చక్రధర్ లీడ్ కుర్చీలో కూర్చుంటాడు. కుర్చీ అతని కొలతకి తగ్గట్టు మళ్ళీ గీసుకుంటుంది.

"ఒక్క నిమిషం మేడమ్" అని లేస్తుంది యశోద. తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. కోడ్ తెర మీద పెట్టి అందరికీ వినపడేలా చదువుతుంది. "మనిషిని గీసేముందు పాతదాన్నీ కొత్తదాన్నీ పోల్చాలి. వామనరావు సార్ దగ్గర మాత్రం పోల్చకుండానే 'రెండూ ఒకటే' అని జవాబు రాసేశారు. సార్ ఎంత మారినా మారనట్టే. మంగళవారం పదకొండు గంటల రెండు నిమిషాలకి రాశారు. రాసింది చక్రధర్ సార్."

"నొక్కిందెవరు?" అంటుంది మేడమ్.

యశోద తల దించుకుంటుంది. "ముద్ర వామనరావు సార్‌దే."

ఆ వేలు ఎవరి దగ్గరుందో అందరికీ అర్థమవుతుంది.

"వేలు ఆయనదే గద మేడమ్. నేను రాసిన, ఆయన ఒప్పుకున్నడు" అంటాడు చక్రధర్.

"అదీ నిజమే. వేలు ఒప్పుకుంది, నోరు వద్దంది. ఇంక నన్నేం చెయ్యమంటారు?" అంటుంది కుముదిని మేడమ్.

అప్పుడు వామనరావుకి తన జేబులో పొట్లం గుర్తొస్తుంది. చక్రధర్ వేలితో ఒక్క నొక్కు నొక్కితే ఆ రాత రద్దవుతుంది. తొమ్మిదేళ్ళకి మొదటిసారి మొహమాటం చంపుకుని కాగితం విప్పుతాడు.

లోపల వేలి ఆకారంలో సుద్దముక్క ఉంది. గోరు కూడా ఓపిగ్గా చెక్కారు.

తలెత్తి చూస్తాడు. ఎప్పుడూ ప్యాంటు జేబులోనే ఉండే చక్రధర్ కుడిచెయ్యి ఇవాళ బయట ఉంది. అయిదు వేళ్ళూ ఉన్నాయి. బొటనవేలితో ముక్కు గోక్కుంటున్నాడు.

 వామనరావు నోరు తెరిస్తే ఏమంటాడో అందరికీ తెలుసు. గాజుగోడ దగ్గరికి వెళ్ళి ఆ సుద్దతో తనని తానే గీసుకోవడం మొదలుపెడతాడు, ముందు నోరు. నోరు పూర్తయ్యేసరికి సుద్ద అయిపోతుంది.

"సరేనండీ, చేస్తాను" అంటుంది గోడమీది నోరు.

ముప్ఫై ఒక్కరూ చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లకి ఆఫీసంతా చెరిగి మళ్ళీ గీసుకుంటుంది.

ఇప్పుడు లీడ్ కుర్చీలో సుద్దనోరు కూర్చుని ఉంది. ఎదురుగా చక్రధర్ టీ పళ్ళేన్ని మూడు బొటనవేళ్ళతో పట్టుకుని వంగి నిలబడ్డాడు. నోరు ఒక గుక్క తాగి, వామనరావు వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడుగుతుంది:

"వామనరావు గారూ, వచ్చి మీ మొహం మీద కూర్చోమంటారా?"

"అబ్బే, నాకెందుకండీ."

నోరు రెండోసారి అడగదు.