పక్కమనిషి పని

చేతులు ఎలా కడుక్కోవాలో ఆ సాయంత్రం వమల్వా తన భార్యకు నేర్పించాడు. ఒక చేత్తో బేసిన్, ఇంకో చేత్తో చెంబు పట్టుకుని అతని చేతుల మీద గోరువెచ్చని నీళ్ళు పోస్తూ నలియాకా నేర్చుకుంది. పెళ్ళయిన పదహారేళ్ళుగా తిండికి ముందు అతనికీ, అతని తమ్ముళ్ళకీ, గుమ్మం దాటి వచ్చిన ప్రతి చుట్టానికీ నడుం వంచి నీళ్ళు పోసింది ఆమే. "వేళ్ళ సందుల్లో కూడా రుద్దాలి షారన్ అమ్మా. బొటనవేలు మర్చిపోకూడదు. ఇరవై లెక్కపెట్టేదాకా రుద్దాలి" అన్నాడతను, ఎప్పటిలాగే కూతురి పేరుతో పిలిచి, ఆమె పోస్తున్న ధార కింద బొటనవేలు తిప్పి చూపిస్తూ. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే కాబోలనుకుంది నలియాకా. పిల్లలు ముగ్గురూ ఉగాలీ అనే మొక్కజొన్న ముద్ద చుట్టూ ఎదురుచూస్తున్నారు కాబట్టి నవ్వు ఆపుకుని ఇరవై దాకా పోసింది.

పంది ఫ్లూ దేశంలోకి వచ్చేసిందని రేడియోలో చెబుతున్న రోజులవి. నైవాషా సరస్సు ఒడ్డున మొగుడూపెళ్ళాలిద్దరూ పనిచేసే గులాబీ తోటకు, పూలు కొనే హాలండ్ వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మీ మనుషుల్లో మూడో వంతు ఒక్కసారిగా మంచం పడితే మీ పూల లారీ విమానాశ్రయానికి బయలుదేరుతుందా? ప్రణాళిక రాయండి, మా ఆడిటర్ వచ్చి పరీక్ష పెడతాడు, నెగ్గకపోతే ప్రేమికుల రోజుకు కావలసిన ఫిబ్రవరి పూలు ఇంకొకరి దగ్గర కొనుక్కుంటాం. ఇదీ దాని సారాంశం. ఫిబ్రవరి పూలు పోతే ముందుగా ఇంటికి పంపేది ప్యాకింగ్ షెడ్డులోని ఆడవాళ్ళనేనని అందరికీ తెలుసు. మేనేజరు ముతిసో వెంటనే కమిటీ వేశాడు. ఎనిమిదిమంది మగవాళ్ళు. పురుగుమందు చల్లే జట్టుకు మేస్త్రీ అయిన వమల్వా దానికి కార్యదర్శి. అరవై ఐదుమంది ఆడవాళ్ళను నడిపించే షెడ్డు సూపర్‌వైజరు నలియాకా దానికి ఏమీ కాదు. కార్యదర్శి గారి రాత కోడి గెలికినట్టు ఉంటుంది కాబట్టి దాన్ని శుభ్రంగా తిరగరాయడం మాత్రం ఆమె వంతుకు వచ్చింది.

తిని, గిన్నెలు తోమి, బడి బట్టలు ఉతికి ఆరేసి వచ్చి కూర్చుంది. అతను చెబుతుంటే రాసింది. గేటు దగ్గర సబ్బు, గోడల మీద బొమ్మలు, కరచాలనం బంద్. అంతవరకూ బాగానే ఉంది. "షెడ్డులో మనుషులు తగ్గినచో పురుగుమందు జట్టు నుండి ఇరవై ఇద్దరిని పంపవలెను" అన్నచోట ఆమె కలం ఆగింది.

"మీవాళ్ళకు పూలు కట్టడం ఎవరు నేర్పుతారు?"

"నేర్చుకోవడానికేముంది? కాడ కొలవడం, కట్ట కట్టడం. చేతులున్నవాళ్ళెవరైనా చేస్తారు."

"మా షెడ్డు సంగతి మమ్మల్ని ఒక్కసారి అడగొచ్చుగా."

"అడిగితే ఏం చెప్తారు? పిల్లకి దగ్గు, అత్తకి నొప్పి, నాకు నడుం పట్టేసింది. ఇది ప్రణాళిక షారన్ అమ్మా, మీ ఆడవాళ్ళ గోల కాదు. రాయి."

రాసింది. రాస్తున్నంతసేపూ లోపల ఇంకో మాట తిరుగుతూనే ఉంది. మూడో వంతు మనుషులు లేకుండా షెడ్డు నడవడం కొత్తేమీ కాదు, పదకొండేళ్ళుగా నడుస్తూనే ఉంది. షారన్‌కు మలేరియా వచ్చి ఒళ్ళు పెనంలా కాలిపోతున్న రోజున, అప్పుడున్న మేనేజరును ఆమె ఒక్కపూట సెలవడిగింది. "గులాబీలకు జ్వరం రాదమ్మా, వాటికి సెలవుల్లేవు" అన్నాడాయన. ఎదురు బల్ల దగ్గరి అకోత్ అది విని, "నువ్వు గేటు దాకా పోకుండా వెనక చెత్తకుప్ప వైపు దారిన పో. నీ కట్టల మీద నీ నంబరే అంటిస్తాను" అంది. ప్రతి కట్ట మీదా దాన్ని కట్టినవాళ్ళ నంబరుంటుంది. నంబరు పడిందంటే మనిషి ఉన్నట్టే లెక్క. ఆ పూట అకోత్ రెండు బల్లల పని చేసింది. తర్వాతి నెల అకోత్ కోసం నలియాకా చేసింది. అది చూసి ఇంకో ఇద్దరు, ఆ ఇద్దరినీ చూసి ఇంకో నలుగురు. పొడవు చూసేవాళ్ళు కట్టలు కట్టడం నేర్చారు, కట్టేవాళ్ళు కాడలు కోయడం నేర్చారు. నలియాకా సూపర్‌వైజరయ్యాక దాన్ని ఆపకపోగా ఒక పద్ధతిలో పెట్టింది. కొత్తగా చేరిన ఏ పిల్లకైనా మొదటి నెల తిరిగేలోగా మూడు పనులు వచ్చితీరాలి. ఎవరు రాని రోజున వాళ్ళ పని ఏ పక్కమనిషి చేయాలో అందరికీ నోటికి వచ్చు, కాగితం మీద మాత్రం ఎక్కడా లేదు. ఉంటే దాన్ని దొంగ హాజరంటారు, అందరినీ ఒకే రోజున గేటు బయట నిలబెడతారు.

నలియాకా ఇంకా సూపర్‌వైజరు కాకముందు, వమల్వా తల్లికి పక్షవాతం వచ్చిన ఏడు, ఆమె పద్నాలుగు రోజులు ఆసుపత్రిలో అత్త మంచం పక్కనే ఉండిపోయింది. ముసలామెకు మాట తిరిగి వచ్చాక కొడుకుతో అన్నది ఇదీ: "నీ పెళ్ళాం లేకపోతే ఆ తోటకొచ్చిన లోటేముందిరా, పూలు సర్దే పనేగా. చూడు, ఎవరైనా అడిగారా?" మా కంపెనీ మంచిది, నోరు తెరవగానే సెలవిచ్చిందని వమల్వా అన్నదమ్ములందరికీ చెప్పుకున్నాడు. సెలవిచ్చింది కంపెనీ కాదు, అకోత్ నడుం అని చెప్పాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. అతని కడుపులో మాట దాగదు. అందుకే మింగేసింది. ఆ షెడ్డు గురించి ఆమెకు ఎంత గర్వమంటే, బస్సులో పక్క సీటు మనిషికైనా చెప్పుకోవాలనిపించేది. చెప్పుకోవడానికి వీల్లేని గర్వం కూడా ఒక బరువే.

పరీక్ష రోజు గురువారం. నైరోబీ నుంచి వచ్చిన ఆడిటర్ గిచూహి బక్కపల్చని మనిషి, మాట కంటే గడియారం ఎక్కువ చూస్తాడు. నలియాకా పేరు పక్కనపెట్టి మిగతా అరవై ఐదు పేర్లూ చీటీలు రాసి, ఒక బకెట్లో వేసి, ఇరవై రెండు తీశాడు. పేరొచ్చినవాళ్ళంతా జబ్బు పడినట్టు లెక్క. వాళ్ళు బయట గడ్డి మీద కూర్చున్నారు. వాళ్ళ స్థానంలో వమల్వా జట్టు గమ్‌బూట్లతో లోపలికి వచ్చింది.

అరగంటలో షెడ్డు సంత అయింది. పువ్వును కాడ దగ్గర పట్టుకోవాలని కూడా వాళ్ళకు తెలియదు. మొగ్గ కింద మెడ దగ్గర పట్టుకున్నారు, మెడలు టపటపా విరిగాయి. పొట్టి కాడలూ పొడుగు కాడలూ ఒకే కట్టలో చేరాయి. ఒకతను ముల్లు గుచ్చుకుని వేలు నోట్లో పెట్టుకుంటే, "ఫ్లూ రాకుండా నోట్లో వేళ్ళు పెట్టొద్దని మీ మేస్త్రీ చెప్పలేదా నాయనా" అని ఎవరో అడిగారు. ఆడవాళ్ళంతా నవ్వారు. పది గంటలయ్యేసరికి ఆ నవ్వు పోయింది. కోసి తెచ్చిన పూల బకెట్లు వాకిలి దాటి ఎండలోకి వరస కట్టాయి. ఇంకో గంటలో కోల్డ్ రూమ్‌కు చేరకపోతే మొగ్గలు విచ్చుకుంటాయి, విచ్చుకున్న గులాబీని హాలండ్‌లో చెత్తలో వేస్తారు. లారీ నాలుగింటికి కదలాలి. ముతిసో జేబురుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. వమల్వా తన మనుషుల మీద కేకలేస్తున్నాడు.

అకోత్ తన బల్ల దగ్గర్నుంచి నలియాకా వైపు చూసింది. నలియాకా ఆమె బల్ల దగ్గరికి వెళ్ళింది.

"మనం మొదలుపెడితే అందరూ చూస్తారు అకోత్. అందరికీ అన్ని పనులూ ఎలా వచ్చాయని అడుగుతారు."

"అడగనీ."

"అడిగితే నేను అబద్ధం చెప్పలేను. అందరి ఉద్యోగాలూ పోవచ్చు."

అకోత్ చుట్టూ ఉన్న బల్లల వైపు తిరిగి, "విన్నారుగా, ఏమంటారు?" అంది. కాడలు కోసే పెద్దావిడ కత్తెర కింద పెట్టి, "పదకొండేళ్ళు చెత్తకుప్ప పక్కనుంచి దొంగల్లా పోయాం, ఇంకెన్నాళ్ళు పోతాం? నా పేరే ముందు చెప్పుకో" అంది. "నాది కూడా" అన్నారు వెనకనుంచి.

నలియాకా చేతులు తుడుచుకుంది. "అన్నయ్యలూ, మీరు బకెట్లు మోయండి చాలు" అంది గమ్‌బూట్లవాళ్ళతో. వాళ్ళు బతుకుజీవుడా అని పక్కకు తప్పుకున్నారు. తర్వాత ఆడవాళ్ళతో అన్నది ఒక్క ముక్కే: "పక్కమనిషి పని."

ఖాళీ అయిన ఇరవై రెండు చోట్లూ నిమిషంలో నిండాయి. ఎవరూ ఎవరినీ ఏం చేయాలని అడగలేదు. ఒకామె ఎడమ వైపు పొడవు చూసి, కుడి వైపుకు తిరిగి కట్ట కట్టింది. ఇంకొకామె కాడలు కోస్తూనే నంబర్లు అంటించింది. నలియాకా బల్లల మధ్య నడుస్తూ ఎక్కడ కుప్ప పెరిగితే అక్కడికి ఒక మనిషిని జరిపింది. తను పెంచిన షెడ్డు పట్టపగలు, పదిమంది చూస్తుండగా ఇలా పనిచేయడం ఆమె మొదటిసారి చూసింది. ఆమె కళ్ళు నిండాయి. నలభై ముగ్గురు ఆడవాళ్ళు అరవై ఐదుమంది పని చేశారు. లారీ నాలుగూ ఇరవైకి కదిలింది.

ఐదింటికి ముతిసో గదికి పిలుపొచ్చింది. గిచూహి, వమల్వా అక్కడే ఉన్నారు. "వచ్చావా, ఆ టీ కాస్త అందరికీ పొయ్యి" అన్నాడు ముతిసో, ఫ్లాస్కు వైపు చూపించి. నలియాకా ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇరవై నిమిషాల ఆలస్యం. అది లెక్కలోది కాదు" అన్నాడు గిచూహి. "కానీ నేను చూసింది ఈ ప్రణాళికలో లేదు. ఇందులో ఉన్నవాళ్ళు బకెట్లు మోశారు. ఆ ఆడవాళ్ళకు అన్ని పనులు ఎవరు నేర్పారు?"

వమల్వా అందుకున్నాడు. "అది వేరే కాగితంలో ఉంది సార్, ఇంకా తిరగరాయలేదు. నేనే తయారుచేశాను." బల్ల కింద అతని బూటు ఆమె పాదాన్ని నొక్కింది. భార్యను కాపాడడానికి నొక్కాడో, తన పరువు కాపాడుకోవడానికో ఆమెకు తెలియలేదు. రెండూ అయ్యుండొచ్చు. ఆమెకు కూడా ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఊరుకుంటే ఎవరి ఉద్యోగమూ పోదు. అకోత్ మళ్ళీ చెత్తకుప్ప దారినే పోతుంది, అంతే. పదకొండేళ్ళ పని మీద ఇంకొకరి నంబరు పడుతుంది, అంతే. ఆమె తన పాదం వెనక్కి తీసుకుంది.

"నేర్పింది నేను సార్" అంది. "ఈ ఫ్లూ కోసం కాదు. మా పిల్లల జ్వరాల కోసం." మొదటినుంచీ చెప్పింది. నంబర్ల సంగతి కూడా దాచలేదు.

ముతిసో ముఖం కందగడ్డ అయింది. "అంటే పదకొండేళ్ళుగా దొంగ హాజరు వేస్తున్నారన్నమాట."

"అవును సార్. అందరికంటే పెద్ద దొంగను నేనే. ఒకసారి వరసగా పద్నాలుగు రోజులు నేనిక్కడ లేను, నా నంబరు మాత్రం ఉంది. ఆ రోజుల్లో నేను ఎవరి తల్లికి పక్కబట్టలు మారుస్తున్నానో మీ కార్యదర్శిని అడగండి."

వమల్వా తన చేతుల వైపు చూసుకున్నాడు. "కంపెనీ సెలవిచ్చిందనుకున్నాను" అన్నాడు.

"అనుకున్నావు. అడగలేదు."

గిచూహి గడియారం మీదనుంచి చూపు తీశాడు. "మేనేజరు గారూ, ఈమె చెప్పింది ప్రణాళికలోకి ఎక్కకపోతే నేను సంతకం పెట్టలేను. ఇంకేమైనా ఉందా అమ్మా?"

"ఒకటుంది సార్. సబ్బు కంటే ముందు రాయండి. జ్వరమొచ్చిన మనిషి ఇంటి దగ్గర ఉండాలి. బిడ్డకు జ్వరమొస్తే తల్లి ఇంటికి పోవాలి. ముందు గేటులోంచి పోవాలి, తన పేరు చెప్పి."

"రాద్దాం, రాద్దాం" అన్నాడు ముతిసో. "కానీ క్రమశిక్షణ అనేది ఒకటుంటుందిగా. తప్పు చేసినవాళ్ళ పేర్లు నాకు కావాలి. ఒక్కటి కూడా వదలకుండా."

నలియాకా బల్ల మీది తెల్లకాగితం ముందుకు జరుపుకుంది. మొదట తన పేరు రాసింది. షారన్ అమ్మ అని కాదు, నలియాకా అని. రెండోది అకోత్. ఒక్కో పేరు ఎదురుగా ఆ మనిషికి వచ్చిన పనులన్నీ రాసింది. కాగితం రెండు వైపులా నిండింది, ఇంకోటి తీసుకుంది. అరవై ఆరు పేర్లు రాసేదాకా టీ ఎవరూ పోసుకోలేదు. రాయడం అయ్యాక రెండు కాగితాలనూ కలిపి ముతిసో ముందు పెట్టింది.

"మిమ్మల్ని మోసం చేసినవాళ్ళు వీళ్ళే సార్. జబ్బు వచ్చిన రోజున మీ తోటను నిలబెట్టేవాళ్ళు కూడా వీళ్ళే. ఏ ఫైల్లో పెట్టుకుంటారో మీ ఇష్టం."