కొద్దిలో ఓటమి

కరీంనగర్ ఆఫీసర్ల క్లబ్బులో గంగయ్య పదకొండేళ్లుగా టెన్నిస్ మార్కర్. జీతం తీసుకుని మెంబర్లతో ఆడాలి, బంతి వాళ్ల రాకెట్ మీదికే వేయాలి, చివర్లో కొద్దిలో ఓడిపోవాలి. అంత బాగా ఓడేవాడు జిల్లాలో ఇంకొకడు లేడు. 1981లో క్లబ్బు సెక్రటరీ భూపాల్‌రావు ముచ్చటపడి అతన్ని హైదరాబాద్ పోటీలకు పంపాడు. గంగయ్య మొదటి ఆటకే ఓడి తిరిగొచ్చాడు.

"ఏమైంది గంగయ్యా?" అని భూపాల్‌రావు అడిగాడు.

"ఖాళీ జాగల కొడ్దామనే చూసిన దొరా. చెయ్యి ఇనలే. కొట్టిన ప్రతి బంతి గాయన రాకెట్ మీదికే పోయింది."

భూపాల్‌రావుకు రోషమొచ్చింది. రాకెట్ అందుకుని కోర్టులోకి దిగాడు. "జర మొహమాటం ఇడిసిపెట్టు. ఇయ్యాల నన్ను ఓడగొట్టు," అన్నాడు.

గంగయ్య పళ్లు బిగించి, ఉన్న శక్తంతా పెట్టి ఆడాడు. భూపాల్‌రావే గెలిచాడు, రోజూలాగే కొద్దిలో.