ప్రాంప్టరుగారి తిమ్మిరి కాలు

ఆ నాటక బృందానికి ఇరవై రెండేళ్లుగా ఆయనే ప్రాంప్టరు. వేదిక పక్క తెర వెనక పొట్టి పీట మీద, కుడికాలు కింద మడిచి, ఒళ్లో పుస్తకంతో కూర్చుంటారు. మాట మరిచిన నటుడికి గుసగుసగా అందిస్తారు. ఆయన గొంతు హాలుకి వినపడకూడదు, మనిషి కనపడకూడదు. అలాగే గడిపేశారు.

ఆ మధ్యాహ్నం వందో ప్రదర్శన. రాజు వేషం కట్టినాయనకి విపరీతమైన జలుబు. వాక్యానికొక మాట మింగేస్తున్నాడు. చివరి అంకమంతా, అంటే ముప్పావుగంట పాటు, ప్రాంప్టరుగారు పుస్తకంలోంచి కళ్లు తిప్పలేదు, కాలు కదపలేదు.

నాటకం ముగిసింది. చప్పట్ల మధ్య రాజు చెయ్యెత్తాడు.

"ఒక్క నిమిషం! మేం నోరు పెగలక నిలబడ్డప్పుడల్లా మమ్మల్ని ఒడ్డున పడేసిన మనిషిని మీరెప్పుడూ చూళ్లేదు. రండి గురువుగారూ!"

ప్రాంప్టరుగారు ఒక్క ఉదుటున లేచారు. కుడికాలు మాత్రం లేవలేదు. మోకాలి కింద అసలేమీ లేనట్టుంది. ఊతానికి పక్క తెర పట్టుకుంటే అది కాస్తా ఊడొచ్చింది. తెరతో సహా వేదిక మీద బోర్లా పడ్డారు.

హాలంతా గొల్లుమంది. ముందు వరసలో ఉన్న కూతురు, ఫిజియోథెరపీ చదువుతున్న పిల్ల, వేదికెక్కి పరుగున వచ్చింది.

"నాన్నా, దెబ్బ తగిలిందా?"

"దెబ్బ లేదే తల్లీ. కాలే లేదు!"

ఆ మాట మైకులో పడి మళ్లీ నవ్వులు.

"ఎక్కడికీ పోలేదులే," అంటూ ఆమె కాలు మెల్లగా చాపింది. "ఇంతసేపూ దాని మీదే కూర్చున్నావు. నరం నొక్కుకుపోయింది, దానికి నెత్తురూ సరిగ్గా అందలేదు. కాలి కబురు మెదడుకి చేరదు, మెదడు చెప్పింది కాలికి చేరదు. బరువు తీసేశాం కదా, ఇప్పుడు మేలుకుంటుంది. మేలుకునేటప్పుడు మాత్రం పిచ్చిపిచ్చిగా కబుర్లు పంపుతుంది, ఓర్చుకో."

రాజు ముక్కు తుడుచుకున్నాడు. "మధ్యలో మాట అందక ఆగిపోయిందన్నమాట. మాకు రోజూ జరిగేదేగా!"

అంతలో మొదలైంది. అరికాల్లోంచి చీమల దండు పిక్కల దాకా పాకింది. "అమ్మో! ముట్టుకోకండర్రా!" అంటూ ఆయన ఏడవలేక నవ్వలేక మెలికలు తిరిగారు. తిమ్మిరి వదిలేదాకా జనం ఒక్కరూ కదల్లేదు.

రాజు ఒకవైపు, కూతురు ఒకవైపు పట్టుకుంటే, కుంటుకుంటూ వేదిక అంచుదాకా వచ్చారు. అన్ని ముఖాలు ఒక్కసారిగా తనవైపే చూడటం ఆయనకిదే మొదలు. చేతులు జోడించారు.

మూడో వరసలో ఆయన భార్య లేచి నిలబడి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని హాలు దద్దరిల్లేలా ఈల వేసింది. ఇరవై ఆరేళ్ల కాపురంలో, ఆవిడకి ఈల వేయడం వచ్చని ఆయనకి తెలియనే తెలియదు.