అడ్మిన్ ఎవరండీ

"అటు తిరుగు," అంటారు మా ఆయన, పాస్‌వర్డ్ కొట్టే ముందు. నేను గోడవైపు తిరుగుతాను. గోడ మీద నేను డిజైన్ చేసిన శుభలేఖలే వరసగా అంటించి ఉంటాయి. కీబోర్డు మీద టకటకమని నాలుగు దెబ్బలు వినబడ్డాక, "ఊఁ, చేసుకో," అని ఆయన వెళ్ళి కౌంటర్‌లో కూర్చుంటారు.

పెద్దాపురంలో మా శుభలేఖల షాపులో తొమ్మిదేళ్ళుగా కంప్యూటర్ ముందు కూర్చునేది నేనే. పొద్దున్న వంట, అత్తగారికి కాఫీ టిఫిన్లు, తొమ్మిదింటికల్లా షాపు. జీతం లేదు. "మన షాపులో మనకి జీతమేంటి?" అన్నారు మా ఆయన గణేష్‌బాబు గారు కొత్తల్లో. నేనూ నవ్వేశాను. ఇప్పుడు తల్చుకుంటే ఆయన మాట కంటే నా నవ్వు మీదే ఎక్కువ కోపం వస్తుంది. ఇంత చేసినా కంప్యూటర్‌కి అడ్మిన్ ఆయన, నేను మామూలు యూజర్ని. కొత్త ఫాంటు వేయాలన్నా, ప్రింటర్ మార్చాలన్నా తెర మీద ఒక పెట్టె వచ్చి అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆయన టీకి వెళ్తే వచ్చేదాకా నేను చేతులు ముడుచుకుని కూర్చోవాలి. ఆ పాస్‌వర్డ్ నాకూ చెప్పమని ఒకసారి అడిగాను. "నీకెందుకే, ఏదో నొక్కేస్తే మొత్తం పోద్ది," అన్నారు.

నొక్కేది ఎవరో చెప్తాను. ఈ షాపు మా మామగారు పెట్టింది. బోణీ అయ్యేదాకా షాపులో ఎవరి నోటా లేదు, కాదు, వద్దు అనే మాట రాకూడదని ఆయన నియమం. మా ఆయన దాన్ని కంప్యూటర్ దాకా లాక్కొచ్చారు. పొద్దున్నే ఏ హెచ్చరిక వచ్చినా చదవకుండా 'యెస్' నొక్కేస్తారు. 'నో' మీద వేలు పడితే రోజంతా బేరాలుండవట.

మరిడమ్మ జాతర ముందు ఒక పొద్దున్న, తలుపులు తీయగానే, కమిటీ పెద్ద చిట్టియ్య గారు కరపత్రాల పని మీద పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చారు. అందులో ఫోటోల ఫైలు తెరవబోతే హెచ్చరిక వచ్చింది. చదివాను. అది ఫోటో కాదు, ప్రోగ్రాము. ఎవరు తయారుచేశారో తెలియదు, కంప్యూటర్‌లో మార్పులు చేయనివ్వాలా అని అడుగుతోంది.

"ఇది వద్దండి. ఫోటోలు వాట్సాప్‌లో పంపమందాం," అన్నాను.

మా ఆయన మొహం మాడిపోయింది. "బోణీ వేళ ఆ మాటేంటి? లే," అన్నారు, చిట్టియ్య గారి ముందే. నన్ను లేపి, పాస్‌వర్డ్ కొట్టి, యెస్ నొక్కారు.

అది వైరస్. మధ్యాహ్నానికి ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. కాపీలు దాచడానికి వేరే డిస్కు కొనమని రెండేళ్ళుగా పోరుతున్నాను, కొనలేదు. మౌస్‌తో గీసిన అరటిపువ్వు అంచులు, అమ్మవారి బొమ్మలు, తొమ్మిదేళ్ళ నా చేతిపని మొత్తం పోయింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. "మళ్ళీ గీస్తావులే. నీకు మాత్రం ఏం పనుంది?" అన్నారు మా ఆయన. రాత్రి అన్నాల దగ్గర విషయం విని, "అవునమ్మా, కూర్చుని చేసేదేగా," అన్నారు మా అత్తగారు అప్పాయమ్మ గారు. ఏడుపు అక్కడితో ఆగిపోయింది.

మర్నాడు సామర్లకోట నుంచి మెకానిక్ అప్పాజీ గారు వచ్చి, అంతా చెరిపేసి సిస్టమ్ కొత్తగా ఎక్కించారు. "అడ్మిన్ ఎవరండీ? పేరు చెప్పండి," అన్నారు. మా ఆయన గుమ్మం దగ్గర ఫోన్లో ఉన్నారు.

"ఒక్క నిమిషం లేవండి," అని నేనే కుర్చీలో కూర్చున్నాను. సాయిదుర్గ అని నా పేరు కొట్టాను. పాస్‌వర్డ్ పెట్టాను. తర్వాత గణేష్‌బాబు పేరుతో మామూలు యూజర్ తెరిచాను. భయం వేయలేదని అబద్ధం చెప్పను. రెండుసార్లు తప్పు పడింది, అయినా పూర్తిచేశాను.

ఆయన వచ్చి తెర చూశారు. "ఇదేంటి? పాస్‌వర్డ్ ఏం పెట్టావు?"

"చెప్పనండి."

అప్పాజీ గారు తల వంచుకుని వైర్లు చుట్టుకుంటున్నారు.

"ఇది మా నాన్నగారు పెట్టిన షాపు. గుర్తుందా?"

"షాపు మీదేనండి. దీని మీద పని చేసేది నేను. చేసేవాళ్ళ దగ్గరే పాస్‌వర్డ్ ఉంటుంది."

"మరి నాకేదైనా అవసరమైతే?"

"పిలవండి, వచ్చి తెర మీద ఏముందో చదువుతాను. వద్దనిపిస్తే, మీరెంత అరిచినా వద్దనే అంటాను."